సమ్మవ్వ చేతిల రెండు ఫోన్లు

పొద్దున ఆరుగొట్టంగ బొగ్గుబాయి సైరన్ కూత పడుతది. మొదటి షిఫ్టోళ్ళు సద్ది గిన్నెలు పట్టుకొని బండ్ల మీద పోతరు. నల్లాకాడ ఆడోళ్ళు బిందెల కోసం కొట్లాడుకుంటరు. మమత మాత్రం కిటికీ కింద ప్లగ్గుకాడ కూసుంటది. ఊకె కూసుండుడు గాదు. ఆమె ఫోనుకు చార్జింగ్ పెట్టేకాడ లూజైంది. వైరును బొటనవేలుతోటి ఎడమదిక్కు ఒత్తిపట్టి, కింద పచ్చడిబండ ఆనిస్తేనే కరెంటెక్కుతది. వేలు జర జరిగిందా, పావుగంటల ఫోను బందు. కుట్టుమిషిను మీద బట్ట పెట్టక నెల దాటింది. రెండు చేతుల్ల ఒకటి ఫోనుకే ఇచ్చేసింది పిల్ల, ఇంక ఒక్క చేత్తోటి ఏం కుడుతది?

ఆమె పెనిమిటి భూపాల్ కనపడక నలబై మూడు దినాలైంది. బొగ్గు లారీ మీద డ్రైవరు. చంద్రాపూర్ దాటినంక ఒక ఢాబాకాడ లారీ దొరికింది. తాళంచెవి దానికే ఉన్నది, ఆయన ఫోను క్యాబిన్ల చార్జింగుకు పెట్టే ఉన్నది, మనిషి లేడు. ఠాణాల కాయితం రాసిచ్చిన్రు. దోస్తులు ఇద్దరు పోయి ఆ చుట్టుపక్కల దవాఖానలు, రైల్వే స్టేషన్లు తిరిగి, మొఖాలు ఏలాడేసుకొని వచ్చిన్రు. ఇంక మిగిలిందల్లా మమత ఫోను.

భూపాల్‌కు నోటికొచ్చిన నంబరు అదొక్కటే. అది వాళ్ళ నాయిన సదయ్య నేర్పిన బుద్ధి. సదయ్య బొగ్గుబాయిల ఫిల్లరు, అంటే తట్టతోటి బొగ్గెత్తి టబ్బులు నింపేటోడు. బాయిల దిగేటోనికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటిస్తరు. షిఫ్టు ఐనంక పైకొచ్చి ఆ బిళ్ళ కిటికీల పెడితె, లోపలి క్లర్కు నంబరు జూసి "ముట్టింది" అంటడు. ఆ మాట అన్నంకనే మనిషి భూమి మీదికి వచ్చినట్టు. "పేరు మర్శిపోయినా బిళ్ళ నంబరు మర్శిపోవద్దురా" అని కొడుకుకు చిన్నప్పటి సంది జెప్పుకుంటనే పెంచిండు. తీరా కొడుకుకు బాయిల నౌకరీ రాలేదు, బిళ్ళా రాలేదు. పెండ్లైన కొత్తల భూపాల్ నవ్వుకుంట మమతతోటి అన్నడు, "నీ ఫోను నంబరే నా బిళ్ళ నంబరు తియ్."

ఆ నలబై మూడో దినం వైరు ఎంత ఒత్తినా ఫోను లేవలేదు. రిపేరాయన లోపల మొత్తం కాలిపోయిందని చేతులెత్తేసిండు. మమత దాన్ని రెండు చేతుల్ల పట్టుకొని గడపల కూలబడ్డది.

"అత్తా, ఇప్పుడు ఫోన్ జేస్తుండొచ్చు. గీ నిమిషంల జేస్తుండొచ్చు. నిన్న మాపటీలి మూడుసార్లు బందైంది. అప్పుడు జేసిండో ఏమో!"

"ఏడ్వకు బిడ్డా. లే, చౌరస్తకు పోదాం," అన్నది సమ్మవ్వ. ఆమె సదయ్య పెండ్లాం, భూపాల్ తల్లి. ఏడ్వకు అని జెప్పిన మనిషే, కొంగు అడ్డం పెట్టుకొని ఏడుస్తనే చెప్పులేసుకున్నది.

సమ్మవ్వ వెంట లేకుండ ఆ వాడకట్టుల ఎవ్వరూ ఏదీ కొనరు. ఏ వస్తువైనా ఆమె కుడి అరచేతుల పెడితె, అది ఇంటికి తేబోయే కబురెంతో అంత బరువు తూగుతది. కనకవ్వ తన బిడ్డ లగ్నపత్రిక తెచ్చి పెడితె చెయ్యి మోకాళ్ళ దాక జారింది. ఆ సంబంధం ఆడికే బందు. కొత్త బండి తాళాలు, కాలేజీ కాయితాలు, తాయెత్తులు, అన్నీ ఆ చేతులకే వస్తయి. పనిలేనోళ్ళు టమాటలు గూడ తెచ్చి పెడుతరు, ఆమె తిట్టి పంపుతది. తేలికుంటె తీస్కో, బరువుంటె ఇడ్శిపెట్టు. నలబై ఏండ్ల సంది ఆ వాడకట్టు లెక్క ఇదొక్కటే.

చౌరస్త ఫోన్ల దుకాణపాయన విష్ణువర్ధన్. వాళ్ళ తాత కోస్తా దిక్కు నుంచి వచ్చి ఈడ స్థిరపడ్డడు. సమ్మవ్వ కోసమే ఒక స్టూలు పెట్టిండు. అది తుడిచి వేసి, రెండు డబ్బాలు ముంగట పెట్టిండు.

"మీరనుకున్న ధరలో ఈ రెండే ఉన్నాయమ్మా. ఈ నీలం ఫోనుకు స్క్రీను పెద్దది, కెమెరా బాగుంటుంది. వాట్సాప్, వీడియో కాల్, సినిమాలు ఏదైనా హాయిగా చూసుకోవచ్చు. ఈ నల్లది కాస్త మొద్దు, ఫొటోలు అంతంతమాత్రం. కానీ చార్జింగు రెండు రోజులు ఆగుతుంది, సిగ్నలు గట్టిగా పట్టుకుంటుంది."

"మా ఇంటెనుక మట్టి గుట్టున్నదన్నా," అన్నది మమత. "ఓపెన్‌కాస్టు గనిల తవ్వి పోసిన గుట్ట. సిగ్నల్ దాన్ని దాటి రావాలంటె కష్టం."

మమత బిడ్డ సహస్ర ఏడో తరగతి. ఆ పిల్ల కండ్లు నీలం ఫోను మీదనే ఉన్నయి. "అమ్మా, నీలందే తీస్కో. డాడీ వీడియో కాల్ జేస్తె మొఖం మంచిగ కనపడ్తది."

తోడొచ్చిన పక్కింటి పూలమ్మ ముక్కు చీదుకున్నది.

సమ్మవ్వ చెయ్యి చాపింది. విష్ణువర్ధన్ నీలం ఫోను పెట్టిండు. చెయ్యి దానంతటదే జానెడు పైకి లేచింది. అందరు ఊపిరి పీల్చుకున్నరు. దాన్ని తీసి నల్లది పెట్టిండో లేదో, చెయ్యి ధబ్బున కిందికి పోయింది. స్టూలు మీద కూసున్న మనిషి ముంగటికి ఒరిగి, వేళ్ళ మెటికలు నేలకు కొట్టుకున్నయి. మమత ఉరికొచ్చి ఫోను తీసింది. మమత చేతుల అది మామూలు ఫోనే.

"ఇది వద్దు." సమ్మవ్వ మొఖం తెల్లగైంది. "నలబై ఏండ్లల్ల గింత బరువు ఒక్కసారే జూసిన. ఇందుల నా కొడుకు సావు కబురున్నది. వద్దు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత."

"అవు మమతా, వద్దు," అన్నది పూలమ్మ. విష్ణువర్ధన్ నల్ల ఫోనును డబ్బాల పెట్టబోయిండు.

మమత ఆయన చెయ్యి పట్టుకున్నది. "ఉంచన్నా. అత్తా, నీకు కబురు లేకున్నా నడుస్తది. నాకు నడువదు. నలబై మూడు దినాలైంది. బొట్టు పెట్టుకునేటప్పుడు పెట్టుకోవాల్నా వద్దా అని అద్దం ముంగట నిలబడుతున్న. సచ్చిండంటె ఒక్కసారి ఏడుస్త. గిట్ల రోజుకింత సచ్చుడు నాతోని కాదు."

"నా నోటితోటి నా కొడుకు సచ్చిండని ఎట్ల ఒప్పుకోవాలెనే? కబురు రాకుంటె ఏడనో ఒకకాడ ఉన్నడనుకుంటనన్న బతుకుత గద!"

దుకాణం నడుమల అత్తాకోడండ్లు ఒకరినొకరు పట్టుకొని ఏడ్శిన్రు. విష్ణువర్ధన్ రెండు డబ్బాలు సంచిల పెట్టిండు. "రెండూ ఇంటికి తీసుకుపోండమ్మా. సదయ్య బాబాయికి చూపించండి. ఏది వద్దనుకుంటే అది సాయంత్రం తెచ్చివ్వండి చాలు," అన్నడు.

సదయ్య మంచంల ఉంటడు. బాయిల బండ పడి కుడికాలు మోకాలు కింద పోయింది, ఊపిరితిత్తులల్ల బొగ్గు దుమ్ము నిండింది. నాలుగు మాటలకొక దగ్గు. మమత సంగతంత జెప్పింది. ఆయన రెండు డబ్బాలు జూసి, పెండ్లాం దిక్కు జూసిండు.

"తేలికది మంచిదని నీకెవలు జెప్పిన్రే?"

"ఎవలు జెప్పుడేంది? నలబై ఏండ్ల సంది జూస్తలేనా?"

"నేను టబ్బులు నింపినోన్ని." సదయ్య దగ్గు ఆగేదాక ఆగిండు. "పట్టాల మీద టబ్బు తేలిక ఉరుకుతుందంటె ఏందది? ఖాళీ టబ్బు. నిండు టబ్బును జరపాలంటె ముగ్గురం రొమ్ములు ఆనిచ్చి నెట్టేది. ఖాళీ టబ్బుకు ఎవడన్న హాజరేసి జీతమిచ్చిండా? నిండు టబ్బు మీదనే గద నువ్వు బువ్వ తిన్నవ్! ఫిల్లరు పెండ్లానివై ఉండి ఊరందరికి ఖాళీ టబ్బులే కొనిపిస్తివి గదనే, పిస్సదానా."

సమ్మవ్వ తన అరచెయ్యి దిక్కు జూసుకున్నది. తర్వాత మెల్లగ అన్నది, "నీ మీద బండ పడ్డ దినం, పొద్దుగాల నీ సద్ది గిన్నె నా చేతుల గిట్లనే కూలింది. పోవద్దంటె ఇనలేదు."

"పడ్డది. కాలు పోయింది. నేను సచ్చిన్నా?" ఆయన తన రొమ్ము మీద చెయ్యేసుకున్నడు. "నలుగురు మోసుకొచ్చి నిన్ను పిలిచిన్రు. ఆ దినం నీ చేతుల తూగింది నా సావు గాదే. నేను."

మమత గోటితోటి నల్ల ఫోను డబ్బా సీలు చింపి, పాత సిమ్ము ఏసింది. నీలం ఫోను మంచిగున్నదని, తేలిక తూగిందని పూలమ్మ తనకే ఉంచుకున్నది. ఆమెను తప్పు పట్టనీకి లేదు, నలబై ఏండ్ల అలవాటు.

కబురు మాత్రం రాలేదు. ఒక దినం పోయింది, రెండు పోయినయి, మూడు పోయినయి. ఒకసారి మోగితె మమత చేతుల గిన్నె ఇసిరికొట్టి ఉరికింది. లోను కావాల్నా అని ఎవరో పిల్ల అడిగింది. ఆ పిల్లను మమత నోటికొచ్చినట్టు తిట్టి, తర్వాత ఆ పిల్ల ఏం జేస్తదని తనే ఏడ్శింది. సమ్మవ్వ రోజు మాపటీలి దేవునికి దీపం పెట్టినంక ఫోను కింద అరచెయ్యి పెట్టి జూసుకుంటది. రోజురోజుకు బరువెక్కుతనే ఉన్నది. నాలుగో దినం పొద్దుగాల దాన్ని చాప మీంచి వెంట్రుకవాసి గూడ లేపలేకపోయింది. ఆ సంగతి ఎవ్వరికీ జెప్పకుండ పోయి గోడవతల కూసున్నది. మొగని మాటలు ధైర్యానికి జెప్పినవే అనుకున్నది. కొడుకు దినాలకు ఎవలెవల్ని పిలవాల్నో గూడ మనసుల అనుకున్నది, అనుకున్నందుకు తన చెంపలు తనే కొట్టుకున్నది.

పగటీలి మూడింటికి బ్లాస్టింగ్ సైరన్ మోగింది. గుట్టవతల నేల దద్దరిల్లింది, గూట్ల గిన్నెలు కొట్టుకున్నయి, ఎప్పటిలెక్కనే కరెంటు పోయింది. పక్కింట్ల పూలమ్మ, "అయ్యో, నా సీరియల్ ఆగిపాయె! సిగ్నలే లేదు," అని నీలం ఫోను పట్టుకొని వాకిట్లకొచ్చింది.

అప్పుడు చాప మీద నల్ల ఫోను మోగింది.

కొత్త నంబరు. మమత ఎత్తింది. అవతల ఒక ఆడమనిషి, హిందీ. బొగ్గుగనుల ఊరి బజార్ల తిరిగినోళ్ళకు ఆ మాత్రం హిందీ అర్థమైతది.

"ఈ నంబరు ఎవరిదమ్మా? నేను దవాఖాన నర్సును. మీవోళ్ళెవరన్న తప్పిపోయిన్రా?"

మమత ఫోను రెండు చేతులతోటి చెవికి ఒత్తుకున్నది. ఆఁ అన్నది.

"రోడ్డు దాటుతుంటె బండి గుద్దిందంట, ఎవరో బండ్ల ఏసుకొని గింత దూరం తెచ్చి చేర్పిచ్చిన్రు. నెల దినాలు సోయి లేదు. ఎడమ చెయ్యి లేస్తలేదు, తలకు పెద్ద దెబ్బ. ఇప్పుడు కండ్లు తెరిచిండు గనీ పేరడిగితె జెప్పడు, ఊరడిగితె జెప్పడు. ఏమడిగినా తెలుగుల పది అంకెలు జెప్తడు, తెలుగొచ్చినోళ్ళతోటి రాపిచ్చిన. అది ఫోన్ నంబరేమోనని వారం కింద మూడుసార్లు జేసిన, స్విచ్ఛాఫ్ వచ్చింది. రేపు పొద్దుగాల దిక్కులేనోళ్ళ ఆశ్రమానికి పంపిస్తున్రు. మనసు ఊకోక ఇంకొక్కసారి జేసిన."

మమత చాప మీదనే కూసున్నది. సమ్మవ్వ గోడవతల నుంచి ఉరికొచ్చి, ఫోను పట్టుకున్న కోడలి చెయ్యి కింద తన కుడిచెయ్యి పెట్టింది. నడుం ఒంగిపోయింది, మోచెయ్యి నేలకు ఆనింది, అయినా చెయ్యి తియ్యలేదు.

"స్పీకరు పెట్టు," అన్నడు సదయ్య మంచంల నుంచి.

అవతల నర్సు ఫోను ఆ మనిషి నోటికాడ పెట్టినట్టున్నది. ముందు ఊపిరి వినొచ్చింది. తర్వాత చిన్నగ, బళ్ళె పలక ముంగట పిలగాడు జెప్పినట్టు ఒక్కొక్కటే జెప్పుడు మొదలుపెట్టిండు.

"తొమ్మిది... నాలుగు... నాలుగు..."

"నేనే! నేను మమతను! ఏమయ్యా, ఇంటున్నవా?"

గొంతు ఆగలేదు. ఆమె ఎవరో ఆయనకు ఎరుక లేదు. పది అంకెలు అయిపోయినయి. మళ్ళ మొదటి నుంచి మొదలైంది. మమత పేరు పెట్టి పిలిచింది, సమ్మవ్వ నాయినా అన్నది, సహస్ర బడి నుంచి అప్పుడే వచ్చి డాడీ డాడీ అన్నది. ఏదీ ముట్టలేదు. తొమ్మిది, నాలుగు, నాలుగు. పైకొచ్చి కిటికీకాడ నిలబడ్డ మనిషికి లోపలి నుంచి జవాబు రానట్టు, అవే అంకెలు.

సదయ్య మంచంపట్టె పట్టుకొని లేచి కూసున్నడు. దగ్గును గొంతులనే ఆపుకున్నడు.

"ముట్టింది బిడ్డా!" అని కేకేసిండు. "ముట్టింది! పైకొచ్చినవ్!"

అవతల అంకెలు ఆగినయి. ఊపిరి సప్పుడే ఉన్నది.

"నాయినా," అన్నడు భూపాల్.