తోక మొదలయ్యే చోటు

పక్కకి తిరగవే తల్లీ, ఒక్కసారి పక్కకి తిరిగితే నీ సొమ్మేం పోయింది, అనుకుంటూ కెమెరా కంటికి ఆనించుకుని నిలబడ్డాడతను, జిరాఫీ మాత్రం కంచెకి ఎదురుగా నిలబడి తీరుబడిగా ఆకులు నములుతోంది, వారమంతా ఎక్స్‌రే గదిలో గడ్డం పైకెత్తండి, భుజాలు ముందుకి, ఇప్పుడు పక్కకి తిరగండి, చేతులు పైకి, అని చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయినవాడికి ఆదివారం పూట కూడా ఇదే పాటా, అక్కడైతే మనుషులు కనీసం మాట వింటారు, ఎముక విరిగినవాడు కూడా మూలుగుతూనే తిరుగుతాడు, ఈ మహాతల్లికి విరిగిందేమీ లేదు, అందుకే తిరగదు, కాళ్ళు పీకుతున్నాయి, చొక్కా వీపుకి అంటుకుపోయింది, ఒరేయ్ వచ్చిందా, అని వెనక నుంచి అక్క, రాలేదక్కా, ముందువైపే చూపిస్తోంది, ముందువైపు నాకెందుకురా, అది ఏ పుస్తకంలో చూసినా ఉంటుంది, నాకు పక్కదీ వెనకదీ కావాలి, మెడ భుజాల మీద ఎక్కడ కూర్చుందో తెలియకపోతే గుడ్డ ఎలా కత్తిరించను, పోయిన నెల కుట్టిన జిరాఫీ మెడ వాలిపోయి ముసలి గుర్రంలా ఉందని బొమ్మల కొట్టాయన తిప్పి పంపాడు, పరువు పోయింది నాది, అంది అక్క, అతనికి నవ్వొచ్చింది, వచ్చినట్టే వచ్చి గొంతులో ఆగిపోయింది, శుక్రవారం నుంచీ ఇంతే, ఏదొచ్చినా సగంలో ఆగిపోతోంది.

అక్క గుడ్డబొమ్మలు కుడుతుంది, అమ్మ పోయాక మొదలుపెట్టిన కుట్టు, ఆ మిషను చప్పుడులోనే అతను చదువుకున్నాడు, నిద్రపోయాడు, ఎక్స్‌రే కోర్సులో చేరాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు, వీణ్ణి పెంచింది నేను కాదమ్మా, నా కుందేళ్ళూ ఎలుగుబంట్లూ, అంటుంది అక్క ఎవరైనా పొగిడితే, పెళ్ళి చేసుకోలేదేం అని అడిగితే ఇంటినిండా పిల్లలే కదా, వీళ్ళ పొట్టల్లో దూది కుక్కలేక చస్తున్నాను అంటుంది, అలాంటి మనిషికి చలి పోయినప్పట్నుంచీ దగ్గు, దూది దుమ్మురా, దీనికీ డాక్టరెందుకు, అని కొట్టిపారేస్తుంటే బలవంతాన శుక్రవారం సాయంత్రం ఆసుపత్రికి లాక్కెళ్ళింది అతనే, తన గదిలో, తన చేతులతో, ఛాతీ పలకకి ఆనించి నిలబెట్టి, ఊపిరి గట్టిగా పీల్చు, అలాగే ఉంచు, కదలకు, అని అద్దం వెనక్కి వెళ్ళి బటన్ నొక్కింది తనే, తెర మీదకి బొమ్మ వచ్చింది, ఎడమవైపు, పైన, మెడ ఎముక కింద, ఉండకూడని చోట తెల్లగా ఒక మచ్చ, ఎన్ని ఛాతీలు చూశాడు, ఎన్ని మచ్చలు చూశాడు, ఏనాడైనా పంపకుండా ఆపాడా, ఆ రోజు మాత్రం బొమ్మని డాక్టరుగారి తెరకి పంపాల్సిన వేలు పక్కనున్న గడి మీదకి పోయింది, సరిగ్గా రాని బొమ్మల్ని తీసిపారేసే గడి అది, ఎందుకు తీసేస్తున్నావో చెప్పమంటుంది, చీకటిగా వచ్చింది, కోణం తప్పింది, రోగి కదిలారు, అని వరసగా ఉంటాయి, రోగి కదిలారు అన్నదాని మీద నొక్కేశాడు, బొమ్మ పోయింది, బొమ్మతోపాటు మచ్చ కూడా పోయినట్టు ఒక్క క్షణం, ఛీ, ఎంత హాయిగా అనిపించింది, అక్క పైట సర్దుకుంటూ వచ్చి ఏమైందిరా అంటే, కదిలావక్కా, మసగ్గా వచ్చింది, సోమవారం మళ్ళీ తీస్తాను, అన్నాడు, నేనా, కదలడమా, అంది అక్క, మర్నాడు ఉన్నట్టుండి, ఒరేయ్ ఆదివారం జూకి పోదాం, మనుషులంటే కదులుతారు, జంతువులెలా పడతాయో చూద్దాం, ఎవరిదైనా కెమెరా తీసుకురా, అంది, ఆ మాట పంటికింద రాయిలా తగిలింది, అయినా సరేనన్నాడు, ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే అతన్ని బతిమాలి కెమెరా తెచ్చాడు, సోమవారం దాకా రెండు రోజులు, రెండు రోజులు అక్క ఏమీ తెలియకుండా హాయిగా ఉంటుంది కదా అనుకున్నాడు, అంతకు మించి ఏమీ ఆలోచించలేదు, ఆలోచించే ఓపిక కూడా లేదు.

జిరాఫీ చివరికి తిరిగింది, ఎవరో ఈల వేస్తే తిరిగింది, టకటకా నాలుగు తీశాడు, పద, ఏనుగు దగ్గరికి, అంది అక్క, అమ్మో ఇంకా ఏనుగా, కళ్ళలో ఇసుక పోసినట్టుంది, కాళ్ళు తనవి కానట్టు నడుస్తున్నాయి, ముందు అక్క, వీపు నిటారుగా, చేతిసంచీ ఊపుకుంటూ, ఆ వీపుని చూస్తే లోపల అలాంటిదొకటి ఉందని ఎవడైనా అంటాడా, ఉత్త మచ్చే కావచ్చు, పాత నెమ్ము తాలూకు గుర్తు కావచ్చు, మందులకి లొంగేదే కావచ్చు, కాకపోనూవచ్చు, నువ్వు బొమ్మ తీసేవాడివి, అదేమిటో చెప్పాల్సింది డాక్టరు, ఆ డాక్టరుకి చూపించకుండా నువ్వే చెరిపేశావు, శభాష్, ఏనుగు మాత్రం మర్యాదస్తురాలు, వచ్చినవాళ్ళకి వెనకభాగం చూపిస్తూ నిలబడింది, భేష్, అంది అక్క, కిందకి వంగి తియ్యరా, తోక ఎక్కడ మొదలవుతుందో కనపడాలి, అందరూ తాడుముక్క తెచ్చి అతికించేస్తారు, అందుకే అవి ఏనుగుల్లా ఉండవు, చీపురు కట్టిన బస్తాల్లా ఉంటాయి, పక్కన సెల్ఫీ తీసుకుంటున్న జంట ఫక్కున నవ్వారు, మొహం అటుందండీ, అన్నాడు ఆ అబ్బాయి, తెలుసు నాయనా, మొహాలు అందరూ తీస్తారు, మేం వెనక పార్టీ, అంది అక్క, ఆ పిల్ల పడీపడీ నవ్వింది, అతను మట్టిలో మోకాలు ఆనించి నాలుగైదు తీసి, తల ప్రాణం తోకకొచ్చిందక్కా, అన్నాడు లేస్తూ, నీ తల ప్రాణం సంగతి తర్వాత, దాని తోక వచ్చిందా లేదా, అంది, ఈసారి నవ్వు మధ్యలో ఆగలేదు, ఇద్దరూ నవ్వారు, అక్క నవ్వు దగ్గులోకి జారిపోయింది, కమ్మీ పట్టుకుని వంగిపోయి దగ్గింది, సీసా అందించి వీపు నిమురుతుంటే అతని అరచెయ్యి తనంతట తనే ఎడమ భుజం కిందకి వెళ్ళి ఆగింది, ఇక్కడే, సరిగ్గా ఇక్కడే, చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు, ఏంట్రా, ఏం లేదక్కా, ఎండ, ఎండ నిన్నేం చేసిందిరా పాపం, అని సీసా మూత బిగించింది అక్క.

పులి పడుకునుంది, సిమెంటు అరుగు మీద నాలుగు కాళ్ళూ చాపి, తోక కిందకి వేలాడేసి, దాన్ని చూస్తే అతనికి కుళ్ళొచ్చింది, ఎంత ఒళ్ళెరగని నిద్ర, పక్కన తనూ ఇంత చోటు చూసుకుని వాలిపోతే ఎవరడుగుతారు, లేవదండీ అది, అన్నాడు బకెట్టుతో అటుగా వెళుతున్న పులుల కాపరి, నిన్న మత్తిచ్చి పన్ను పీకారు, కుళ్ళిపోయింది, ఇంకా ఆ మగతలోనే ఉంది, అయ్యో, అంది అక్క, దానికి చెప్పి పీకారా, చెప్పకుండా పీకారా, కాపరి బకెట్టు కిందపెట్టి మరీ నవ్వాడు, పులికి చెప్పడమేంటమ్మా, బాణంతో సూది కొట్టారు, పడిపోయింది, పీకేశారు, పాపం, అంది అక్క, లేచి చూసుకుంటే పన్ను ఉండదు, ముందే తెలిస్తే ఆఖరిసారి ఓ మంచి ఎముకైనా కొరుక్కునేది కదా, కాపరి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు, అతను నవ్వలేదు, కెమెరా ఎత్తి తోకని వెతుకుతున్నట్టు నటించాడు, ఇది పులి గురించేనా, పులి గురించే అయ్యుంటుంది, అక్క ఎప్పుడూ ఇలాగే మాట్లాడుతుంది, మరి తనవైపు ఒక్కసారి కూడా చూడకుండా ఎందుకు మాట్లాడింది, చిన్నప్పుడు పలక పగలగొట్టి దాచినప్పుడు కూడా ఇంతే, కొట్టలేదు, తిట్టలేదు, ఎదురింటి పిల్లాడి పలక గురించి మాట్లాడుతూ కూర్చుంది, భగవంతుడా, తెలిసే ఉంటుందా, చెప్పేయ్, ఇప్పుడే చెప్పేయ్, ఇక్కడా, పులి ముందా, ఇంతమందిలోనా, ఇంటికెళ్ళాక, తిన్నాక, రేపు, ఎన్ని వాయిదాలురా నీకు, అని తనని తనే తిట్టుకున్నాడు.

చెట్టుకింద బల్ల ఖాళీగా దొరికితే కూలబడ్డారు, అక్క సంచీలోంచి రొట్టె ముక్కలూ అరటిపళ్ళూ తీసింది, అతను ఒక ముక్క చేతిలో పట్టుకుని దాన్ని చూస్తూ కూర్చున్నాడు, కెమెరా ఇలా ఇవ్వు, అని తీసుకుని అక్క ఒక్కొక్క బొమ్మే జరిపి చూసింది, బావున్నాయిరా, ఒక్కటీ కదల్లేదు, అంది, రొట్టె గొంతులో అడ్డం పడ్డట్టయింది, ఇంకా నోట్లో పెట్టుకోనేలేదు, కొట్టాయన ఒకటి అడుగుతున్నాడు, అంది అక్క తెరమీంచి కళ్ళెత్తకుండానే, జూ అంతా కుట్టిమ్మంటున్నాడు, ఏనుగు నుంచి తాబేలు దాకా, వచ్చే వానలకల్లా కావాలిట, పెద్ద పని, మధ్యలో ఆపితే బావుండదు, అరటిపండు తొక్క సగం వలిచి అలాగే పట్టుకుంది, ఒప్పుకోమంటావా, వద్దంటావా, నువ్వే చెప్పు.

ఒప్పుకో అంటే ఒక అబద్ధం, వద్దంటే అన్నీ చెప్పేసినట్టే, అక్క తొందరపెట్టడం లేదు, ఎదురుగా బాతుల మడుగు వైపు చూస్తోంది, గుడ్డ ఎంతుందో తెలియకుండా కత్తెర పట్టుకోదు అక్క, ఏనాడూ పట్టుకోలేదు, ఎంతుందో చెప్పమని అడుగుతోంది, అంతే, నువ్వు కదల్లేదక్కా, అనేశాడు, బొమ్మ బాగానే వచ్చింది, నేనే తీసేశాను, ఎడమవైపు పైన మచ్చుంది, ఏమిటో నాకు తెలియదు, నిజంగా తెలియదు, డాక్టరు చూడాలి, ఇంకా పరీక్షలు చెయ్యాలి, భయమేసింది, నొక్కేశాను, అని గుక్క తిప్పుకోకుండా అంతా కక్కేశాడు, అక్క పండు పక్కన పెట్టింది, ఎంతుందిరా, అంది, బొటనవేలి చివర చూపించాడు, దాని వైపు కాసేపు చూసి, సరే, రేపు డాక్టరు రాగానే వెళదాం, కొట్టాయనకి ఆ తర్వాతే చెబుతాను, అంది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది, నీకు తెలుసా అక్కా, అన్నాడు, ఏదో ఉందని తెలుసురా, అద్దం వెనక నుంచి వచ్చినప్పుడు నీ మొహం చూశాను కదా, నెత్తురుచుక్క లేదు, మరి అడగలేదేం, అన్నాడు, అడుగుదామనే, నిన్నంతా మిషను ముందు కూర్చున్నాను గానీ ఒక్క కుట్టు సరిగా పడితే ఒట్టు, కుట్టడం, విప్పడం, నువ్వు వచ్చి టీ గ్లాసు అక్కడ పెట్టేసి పారిపోయేవాడివి, కాసేపు కూర్చుంటావేమోనని చూశాను, కూర్చుంటే అడిగేదాన్ని, కూర్చోలేదు నువ్వు, అంది అక్క, కోపంగా కాదు, ఉత్తినే చెప్పినట్టు చెప్పింది.

కూర్చోలేదు, నిజమే, నిన్న పొద్దున టీ ఇచ్చి కూర్చోలేదు, మధ్యాహ్నం కూర్చోలేదు, సాయంత్రం గుమ్మం దాకా వచ్చి, మిషను చప్పుడు విని, హమ్మయ్య, కుట్టుకుంటోంది, తెలియనట్టే ఉంది, అనుకుని వెనక్కి మళ్ళాడు, ఆ చప్పుడు వింటూ పక్కగదిలో పడుకుని, ఇంత బరువు ఒక్కణ్ణే మోస్తున్నాను, అక్క కోసమే కదా, అని తనమీద తనే జాలిపడ్డాడు, తను అవతల పడుకుంటే ఇవతల అక్క కుట్టిందే విప్పుకుంటూ, విప్పిందే కుట్టుకుంటూ, తలుపు వైపు చూస్తూ, ఎన్నిసార్లు చూసి ఉంటుంది, జ్వరం వస్తే తెల్లవార్లూ తన మంచం పక్కనే కూర్చున్న మనిషి, తన వంతు వచ్చేసరికి పక్కన ఎవరూ లేకుండా, కళ్ళు మండాయి, దాచుకోలేదు, బల్ల మీద దగ్గరికి జరిగి అక్క చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు, చల్లగా ఉన్నాయి, ఆమెకి భయం తెలియకూడదని ఇంత చేశాడు, భయం శుక్రవారమే వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది, వెళ్ళనిది తనొక్కడే.