వంగని మెడ

మౌనం అర్ధాంగీకారమని సామెత. పెళ్ళికూతుళ్ళ విషయంలో మాత్రం ఆ మిగతా సగాన్ని కూడా పెద్దలే పూరించేస్తారు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కి అమ్ముకునే జైతూన్‌బీ వాళ్ళింట్లో అందుకొక పద్ధతే ఉంది. నికా రోజు వకీలుగా కుదిరిన బంధువు ఇద్దరు సాక్షులతో ఆడవాళ్ళ గదిలోకి వచ్చి, ఫలానా వాడితో పెళ్ళి సమ్మతమేనా అని మూడుసార్లు అడుగుతాడు. పిల్ల సిగ్గుతో నోరు విప్పదు. వెనక కూర్చున్న తల్లి ఆమె మెడ మీద చెయ్యి వేసి తలను మెల్లగా వంచుతుంది. తల ఊపింది, సరేనంది అని వకీలు బయటికి పోయి చెబుతాడు. జైతూన్‌బీ తలను వాళ్ళమ్మ అట్లాగే వంచింది. ఇంకో పది రోజుల్లో కూతురు నగ్మా తలను జైతూన్‌బీ వంచాలి.

అక్కడే ఆమెకు పీకులాట మొదలైంది. భర్త ఫకీర్ సాహెబ్ లారీ డ్రైవరు. కలిగిరిలో లోడు దించుతూ, మోటార్లు బాగుచేసే నయీమ్ అనే కుర్రాణ్ణి చూశాడు, నచ్చాడు, అక్కడికక్కడే మాటిచ్చి వచ్చాడు. సరుకుకు బేరం కుదిర్చినంత సేపు కూడా పట్టలేదు. ఆ అబ్బాయి ఒక్కసారి వచ్చి టీ తాగి వెళ్ళాడు. ఇష్టమేనా అని జైతూన్‌బీ కూతుర్ని అడిగితే, నగ్మా చేతిలోని చెక్క గరిటెను ఆకురాయితో రుద్దుతూనే జవాబిచ్చింది.

"అబ్బా మాటిచ్చి వచ్చినాక అడిగితే ఏం లాభం అమ్మీ?"

ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. లొడలొడా వాగే పిల్ల అట్లా మూగనోము పట్టేసరికి తల్లికి అన్నం సహించలేదు. కాదంటే మొగుడి మాట పోతుంది. ఇష్టం లేని పిల్ల తల వంచితే ఆ పాపం జన్మంతా తన చేతికే అంటుకుంటుంది.

ఆ రోజుల్లోనే ఆత్మకూరు కాలేజీలో చరిత్ర చెప్పే రేణుకాదేవి వచ్చింది. ఏటా గరిటెలూ ఫోర్కులూ కొనుక్కుపోయే మనిషి, ఈసారి ఫోన్‌లో ఒక బొమ్మ ఫోటో చూపించి, పిల్లలకు చూపించాలి, కర్రతో ఇట్లాంటిది చేసిపెట్టమంది. రోమ్ నగరంలో తవ్వుతుంటే ఒక రాతిపెట్టె బయటపడిందట. అందులో పెళ్ళీడు పిల్ల ఎముకలు, పక్కన దంతంతో చేసిన ఈ బొమ్మ. పద్దెనిమిది వందల ఏళ్ళ నాటిది. అక్కడి ఆడపిల్లలు పెళ్ళికి ముందు తమ బొమ్మలను దేవతలకు అప్పగించేసి, మర్నాడు నిప్పురంగు ముసుగు వేసుకుని పెళ్ళిపీట ఎక్కేవాళ్ళట. ఈ పిల్లకు ఆ రోజు రాలేదు. బొమ్మను అప్పగించకుండానే పోయింది, దాన్ని తోడుగా పెట్టి పంపారు.

జైతూన్‌బీ ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసింది. అది పాపాయి బొమ్మ కాదు, నిండైన ఆడమనిషి. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర, తుంటి దగ్గర, మోకాళ్ళ దగ్గర చీలలు దిగ్గొట్టి కీళ్ళు అమర్చారు. సరిగ్గా తానైతే ఎట్లా అమరుస్తుందో అట్లాగే. ఆ కాలం పనివాడెవడో తన పక్కన కూర్చుని చాకు పట్టినట్టు అనిపించింది.

వారం తిరక్కుండా గరిటెలు చెక్కే నర్ది కర్రతోనే బొమ్మ తయారైంది. రేణుకాదేవి చేతులు ఊపి చూసింది, కాళ్ళు వంచి చూసింది, మురిసిపోయింది. తలను తాకగానే అది ముందుకు వాలింది.

"మెడకు కీలు ఎందుకు పెట్టినావు? ఫోటోలో లేదే."

"పెళ్ళికూతురి బొమ్మ గదా మేడమ్. తల వంచొద్దా?"

రేణుకాదేవి నవ్వబోయి ఆగిపోయింది. అక్కడా ఇంతేనని చెప్పింది. తండ్రి కుదిర్చిన సంబంధానికి పిల్ల ఎదురు చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని వాళ్ళు చట్టంలోనే రాసుకున్నారట. "అయినా ఈ బొమ్మకు మాత్రం తలా మొండెమూ ఒకటే ముక్క. మెడ వంగదు."

జైతూన్‌బీ బొమ్మ మెడ మీద వేలు పెట్టి చూసింది. అంత దూరాన, అంత కాలం కిందట కూడా ఆడపిల్ల నోరు మెదపకపోతే సరే అన్నట్టే! మరి అన్ని కీళ్ళూ తెలిసిన ఆ పనివాడికి మెడకొక కీలు పెట్టడం చేతకాకనా? ఎందుకు వదిలేశాడో దేవుడికి తెలియాలి. ఆమె బొమ్మను వెనక్కి తీసుకుని, తలా మొండెమూ కలిపి మళ్ళీ ఒకే కర్రలో చెక్కింది. చెక్కుతున్నంతసేపూ పక్కనే నగ్మా కన్నార్పకుండా చూస్తూనే ఉంది.

నికా రోజు మధ్యాహ్నం నమాజు అయ్యాక వకీలుగా జైతూన్‌బీ తమ్ముడు జబీవుల్లా గదిలోకి వచ్చి, నయీమ్ పేరు చెప్పి అడిగాడు. నగ్మా పలకలేదు. రెండోసారి అడిగాడు. పలకలేదు. గదిలోని ఆడవాళ్ళంతా జైతూన్‌బీ వైపు చూశారు. ఒకామె మోచేత్తో పొడిచింది కూడా. పరదా అవతల ఫకీర్ సాహెబ్ దగ్గాడు. జైతూన్‌బీ రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. తాను కని పెంచిన పిల్లే, ఏమంటుందో తనకే తెలియదు.

జబీవుల్లా మూడోసారి అడిగాడు.

నగ్మా తల ఎత్తింది. "కబూల్ మామూ," అంది. పరదా అవతలికి కూడా వినబడింది.

ఆ ఇంట్లో పెళ్ళికూతురి గొంతు వినబడటం అదే మొదలు. ముసలమ్మలు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. జైతూన్‌బీకి ఏడుపు ఆగలేదు. ఇంతటి పిల్లనా తాను కన్నది అనుకుంది.

అందరూ భోజనాలకు లేచాక కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "ఇష్టమే అయినప్పుడు అంతసేపు నా ప్రాణం ఎందుకు తీసినావే?"

"నీ చెయ్యి నా మెడ మీదికి వస్తదేమోనని చూసినా అమ్మీ," అంది నగ్మా. "వచ్చుంటే వద్దనే చెప్పుండేదాన్ని."

జైతూన్‌బీ తన చేతుల వైపు చూసుకుంది. భయమేసింది.