నాన్న చేయించిన లామినేషన్

వరదకి ఇంట్లో కాగితాలన్నీ నానిపోయిన ఏడాది, నాన్న నా నర్సింగ్ సర్టిఫికెట్‌ని రావులపాలెం తీసుకెళ్లి లామినేషన్ చేయించారు. "ఇంక ఎంత గోదారొచ్చినా దీన్నేం చెయ్యలేదమ్మా" అన్నారు.

ఈరోజు రాజమండ్రిలో, విదేశాలకు వెళ్లేవాళ్ల కాగితాలకు ముద్రలు వేయించే ఏజెంటు దాన్ని ముట్టుకోనైనా లేదు.

"కువైట్‌లో చెల్లాలంటే ముద్రలన్నీ కాగితం మీదే పడాలండి. ప్లాస్టిక్ తీసేసి తీసుకురండి."

ఒళ్లు మండి, అక్కడే గోటితో అంచు లేపి లాగాను. కాగితం పైపొర ప్లాస్టిక్‌తోపాటే లేచొచ్చింది. నా పేరు, యూనివర్సిటీ ముద్ర దానికే అంటుకుపోయాయి.

"డూప్లికేట్ వచ్చేసరికి ఆ ఉద్యోగం ఉండదండి" అన్నాడు ఏజెంటు.

ఫోన్ మోగింది. నాన్న.

"పనైందా అమ్మా? ఆరోజు ప్లాస్టిక్ వేయించబట్టి సరిపోయింది. చూసి ఏమన్నారు వాళ్లు?"

"భలే జాగ్రత్తగా దాచారన్నారు నాన్నా" అన్నాను.