కుచ్చుల దారం

పెండ్లాం రుక్కి ముందట నోరిప్పాలంటె జైసింగుకు ఎన్నడైనా జర భయమే. ఆనాడు మాత్రం పిల్లి పానం మీదికొచ్చెసరికి ఆగలేకపోయిండు.

బయ్యారం పక్క లంబాడ తండాల వాళ్ల ఇల్లు. ఎల్లుండే బిడ్డ సౌందర్య పెండ్లి. ఇప్పటి పిల్లలు పట్టుచీరలంటరు గని, సౌందర్య మాత్రం అమ్మ కుట్టిన ఫేటియానే కట్టుకుంటనని పట్టువట్టింది. నెలల సంది రుక్కి ఆ ఎర్ర లంగకు అద్దాలు కుట్టి, నడుం కాడ పొడుగు దారం గుంజి కుచ్చులు పోసింది. ఇగ ముడెయ్యడమే మిగిలింది.

పొద్దుగాల్నుంచి వాళ్ల పిల్లి రాణి ఆ లంగ కాడనే ఉండి ఒకటే కక్కుడు. బల్లిని తిన్నదేమోనని రుక్కి సల్ల తాపింది. అది గూడ ఎల్లగక్కి, ఆ లంగ మీదనే ముడుసుకొని పండింది. ఎత్తబోతె పిల్లి ఎంబడి లంగ గూడ లేసింది. నోరు తెరిచి చూస్తె ఏమున్నది! కుచ్చుల దారం కొస నాలిక కిందికెళ్లి గొంతులకు పోయింది.

"ఒక్క గుంజు గుంజితె బయటికొస్తది," అని జైసింగ్ చెయ్యి పెట్టబోయిండు.

ఆ చేతిమీద ఫట్టుమని చరిసింది రుక్కి. "మతి ఉందా నీకు? దారం గుంజితె బట్ట ఏమైతది? కుచ్చులు పడ్తది. లోపల పేగులు గూడ గంతే! కత్తెర తే."

"పెండ్లి ఎల్లుండేనాయె! కోస్తె కుచ్చులన్ని ఇడిపోతయ్ గదనే."

"పోతె పోనీ!"

పిల్లి నోటికాడ జానెడు దారం ఇడిసి, కటుక్కున కోసింది. కుచ్చులన్ని జారి లంగ నేలమీద పరుసుకున్నది. రుక్కి అటు చూడనన్న చూడలే. పిల్లిని కొంగుల సుట్టుకొని ఆటో ఎక్కింది. జైసింగ్ గూడ ఎనకనే ఎక్కిండు.

మానుకోట పశువుల దవాఖానల డాక్టరమ్మ పొట్ట కోసి దారం తీసింది. "గుంజి ఉంటే పేగులు తెగి చనిపోయేదమ్మా. మంచి పని చేసినవ్," అన్నది.

జైసింగుకు ఛాతి ఉబ్బింది. అబ్బ, ఏం మనిషి దొరికింది నాకు! ఇన్నేండ్లు ఆ చేతులు కుడుతాంటె చూసిండే గని, అండ్ల ఇంత తెలివున్నదని ఎరుకే లేకపాయె.

తెల్లారి రాణిని ఇంటికి తెచ్చి మంచంల పండవెట్టి, రుక్కి మళ్ల లంగ ముందటేసుకున్నది. ఏడ్చి ఏడ్చి కండ్లు వాచినయ్, సూదిల దారం ఎక్కుతలేదు.

"ఇటియ్యి," అని పక్కన కూసున్నడు జైసింగ్. ఎన్నడు సూది ముట్టని మనిషి, దారం ఎక్కిచ్చి ఇచ్చుకుంట, మంచంల రాణి దిక్కు చూసుకుంట, తెగిన ముక్క ఒక్కటి కింద పడకుంట ఏరి జేబులేసుకున్నడు.