గ్రిల్లు మీద తిప్పతీగ

మా అత్తగారు తవిటమ్మ రామనగుడ నుంచి ఒడిశాలోనే ఉన్న జేకేపూర్‌లోని మా క్వార్టర్‌కి వచ్చినప్పుడు రెండే తెచ్చుకున్నారు: ఒక చీరల సంచీ, ఒక తిప్పతీగ ముక్క. సంచీ గూట్లోకి వెళ్ళింది. తీగ మాత్రం కిటికీ గ్రిల్లంతా అల్లుకుంది.

దాన్ని పట్టుకుని పాములు ఇంట్లోకి వస్తాయని మా ఆయన మన్మథరావు మొన్న సోమవారం దాని మొదలు నరికి, వేరు పెళ్ళగించి పారేశారు. పైభాగం గ్రిల్లు వదల్లేదు. "ఎండనీ. ఆదివారం లాగేస్తాను" అన్నారు.

అత్తగారు కొడుకుతో మాట మానేశారు. నాతో మాత్రం చెప్పారు. "ఆదివారం బస్సుకి సిన్నోడి దగ్గరికి ఎల్లిపోతానమ్మా. నా మొక్కకి సోటు లేని ఇంట్లో నాకేటి పని?"

ఆవిడ వెళ్ళిపోతే ఈ ఇంట్లో నా వేళాకోళాలకి నవ్వే మనిషి ఉండదు. నేను బోటనీ చదివాను. తిప్పతీగ అంత తేలిగ్గా చావదని తెలుసు. కానీ నేను చెబితే పుస్తకం మాటంటారు. తీగే చెప్పుకోవాలి. బుధవారం పైనుంచి దారంలాంటి వేరు ఒకటి కిందికి దిగుతూ కనిపించింది. దాని కింద మట్టి కుండీ ఒకటి జరిపి, ఎరగనట్టు ఊరుకున్నాను.

శనివారం మా అమ్మాయి లక్ష్మిప్రియ తన ఒడియా బడిపాఠాన్ని నానమ్మకి తెలుగులో వినిపించింది.

"ప్రాణమున్నది తింటాది, ఊపిరి తీస్తాది, పెరుగుతాది, కదుల్తాది, ముట్టుకుంటే తెలుస్తాది, పిల్లల్ని పెడతాది నానమ్మా."

"మీ నాన్నకి రెండు తక్కువున్నాయే అమ్మీ" అన్నారు అత్తగారు, సోఫాలో క్రికెట్ చూస్తున్న కొడుకుని చూస్తూ. "కదలడు. ఏటన్నా తెలవదు."

మా ఆయన నిజంగానే కదల్లేదు.

ఆదివారం అత్తగారు సంచీ తెచ్చి గుమ్మంలో పెట్టారు. మా ఆయన చీపురు పట్టుకుని గ్రిల్లు దగ్గరికి వెళ్ళారు.

"ఇదేటి, ఇంత పొడుగు బూజు!" అని చీపురు ఎత్తారు.

"కాస్త ముట్టుకుని చూడండి" అన్నాను.

వేలితో లాగారు. రాలేదు. కొస కుండీలో మట్టి పట్టుకుని ఉంది. పైన, ఆ వేరు దిగిన చోటే, గోరంత లేత ఆకు.

"ఓలమ్మా!" అన్నారు అత్తగారు. సంచీ వదిలేసి వచ్చి, ఆ దారాన్ని పసిబిడ్డ జుట్టులా నిమిరారు. "మొదలు లేకపోయినా బతికున్నాదే! గాలే తిన్నాదో, ఏటి తిన్నాదో."

"తన కాండంలో దాచుకున్నదే తింది నానమ్మా. కిందికి కదిలింది కూడా. మట్టి ఉందని దానికి తెలిసింది" అంది లక్ష్మిప్రియ.

"సూసేవేటిరా?" వారంలో కొడుకుతో ఆవిడ మొదటి మాట అది. "సీపురు అక్కడెట్టి నీళ్ళు తే."

మా ఆయన చీపురు గోడకి ఆనించి, చెంబు కోసం లోపలికి నడిచారు.

"బస్సుకి టైమవుతోంది అత్తయ్యా" అన్నాను.

"నీకేటి తొందర? నేనెల్తే దీనికి నీళ్ళెవులు పోస్తారు, నీ మొగుడా?"

ఆవిడ సంచీ మూతి విప్పి పొగాకు చుట్ట ఒక్కటే పైకి తీశారు. చీరలు మాత్రం మర్నాటి దాకా గుమ్మంలోనే ఉంచారు, కొడుకు ఆ సంచీని దాటుకుంటూ తిరగాలని.