అరగ్లాసు దగ్గుమందు

పాము పగ పన్నెండేళ్ళంటారు. చిన్నకోడలి పగకి అన్నేళ్ళు అక్కర్లేదు, పెద్దకోడలికి దగ్గొస్తే చాలు.

వచ్చింది.

ఆ ఇంటి ముందుగది దర్జీ కొట్టు. మామయ్య కత్తెర ఎవరి చేతిలో పెడితే వాళ్ళదే అక్కడ రాజ్యం. మిగతావాళ్ళు గుండీలు కుట్టుకోవాల్సిందే. పోయిన చలికాలం దాకా కత్తెర చిన్నకోడలిది. ఒకరోజు ఆమె దగ్గుతుంటే తోడికోడలు ఎక్కడలేని ప్రేమ ఒలకబోస్తూ దగ్గుమందు సీసా తెచ్చింది. కొలతమూత పక్కన పడేసి, టీగ్లాసులో సగానికి వంపింది.

"మూతలతో కొలుచుకుంటూ కూర్చుంటే దగ్గెప్పుడు తగ్గుతుందే? గటగటా తాగెయ్."

తాగింది. కాసేపటికే గుండె దడదడ, చేతులు గజగజ. ఖరీదైన కోటుగుడ్డ మీద కత్తెర అడ్డంగా పోయింది.

మందుల షాపాయన్ని అడిగితే తల పట్టుకున్నాడు. "అందులో ఊపిరిగొట్టాలు వదులుచేసే మందు కూడా కలిసుంటుందమ్మా. డాక్టరు చెప్పినంతే మూతతో కొలిచి తాగాలి. ఎక్కువైతే చెయ్యి వణకదూ మరి?"

ఆ మాటే చెబితే మామయ్య నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది!"

కత్తెర పెద్దకోడలికి పోయింది. "నాకేం తెలుసు మామయ్యా, మంచికే పోశాను" అని కళ్ళొత్తుకుంది మహాతల్లి. అప్పట్నించీ చిన్నకోడలు గుండీ గుండీకీ ఒక శాపం కలిపి కుట్టింది.

ఇప్పుడు పెద్దకోడలు బల్ల దగ్గర ఖళ్ళుఖళ్ళున దగ్గుతోంది. ఆయాసానికి డాక్టరిచ్చిన ఇన్‌హేలర్ పంపు ఇందాకే పీల్చింది కూడా. ఆ పంపులోనూ ఈ సీసాలోనూ ఉండేవి ఒకే జాతి మందులు, రెండూ కలిస్తే గుండెకి చేటని షాపాయన చెప్పిన సంగతి చిన్నకోడలికి బాగా గుర్తుంది. అయినా లేచింది. సీసా తీసి, టీగ్లాసులో సగానికి వంపి, మామయ్య చూస్తుండగానే బల్లమీద పెట్టింది.

"తాగక్కా. నువ్వు నాకు పోసినంతే పోశా."

పెద్దకోడలు గ్లాసు చూసి ఉలిక్కిపడింది. "అమ్మో! అంత తాగితే చేతులు వణికి చావవూ? కోటు కత్తిరించాలే!"

"వణుకుతాయని నీకెలా తెలుసు?"

"తెలీకపోవడమేంటే, నీకు పోసేముందే నేను తాగి చూశాగా..."

నోరు జారిందని తెలిసి టక్కున ఆగింది. అప్పటికే మామయ్య కుట్టుమిషను ఆపి, కళ్ళజోడు తీశాడు.

"మద్దెల నిజంగానే ఓడు మామయ్యా" అంది చిన్నకోడలు. ఆయన తల దించుకున్నాడు.

తోడికోడలు గ్లాసెత్తి ఉంటే తను చెయ్యి అడ్డుపెట్టేదో లేదో చిన్నకోడలికే తెలీదు. ఆ సంగతి ఆమె దేవుడికి కూడా చెప్పదు. గ్లాసు తీసుకెళ్ళి తూములో పారబోసింది. తిరిగొచ్చి బల్లమీది కత్తెర అందుకుంది, గుండీల డబ్బా తోడికోడలి ఒళ్ళో పెట్టింది.

"పంపు పీల్చినదానివి, డాక్టర్ని అడక్కుండా ఈ సీసా ముట్టుకోకు. గుండె ఆగుతుంది. నువ్వు చల్లగా బతకాలక్కా. లేకపోతే ఇన్ని గుండీలు ఎవరు కుడతారు?"