ఇసుక దిబ్బ మీది సంకరం

గోధుమ చేల మధ్యనున్న ఇసుక దిబ్బను ఈ ఏడు దున్నించేస్తానని తమ్ముడు క్లెమ్ అనగానే, వెర్నా చేతిలోని టీ కప్పు కింద పెట్టేసింది.

"దాని జోలికెళ్లకురా. అక్కడో కొత్త జాతి పుడుతోంది."

"జాతా! పొడుగు కంగారూ పంజా మొక్కలు, పొట్టి పిల్లి పంజా మొక్కలు పక్కపక్కనే పూశాయి. తేనెపిట్టలు రెంటిలోనూ ముక్కు పెట్టాయి. మధ్యలో సంకరం మొక్కలు పుట్టాయి. అవి గొడ్డువని నువ్వేగా చెప్పావ్?"

"అందరూ అంటారన్నాను. నేననలేదు."

"అయితే మొలిపించు. వాటి గింజ ఒక్కటి మొలిచి పూసినా దిబ్బ నీదే అక్కా. అందాకా ఆగుతా."

పెర్త్‌లో ఏళ్ల తరబడి పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి, పుట్టింటికి తిరిగొచ్చిన వెర్నాకు ఆ మాట చాలు. ఎండలు ముదిరాక సంకరం మొక్కల కాయలు కోసింది. చాలా కాయల్లో పొట్టు తప్ప ఏమీ లేదు. దొరికిన గుప్పెడు గింజలనూ వానలు మొదలవగానే తొట్లలో చల్లింది. ఒక్కటీ మొలవలేదు.

ఆమె నిరాశపడే మనిషి కాదు. కార్చిచ్చు పోయిన మరుసటేడే దిబ్బ విరగబూస్తుందని గుర్తొచ్చి, పొగే గింజలను లేపుతుందేమోనని పాత డ్రమ్ములో ఎండుకొమ్మలు రాజేసి, పొగను గొట్టంతో తొట్ల మీదికి మళ్లించింది.

"చేపలకి పొగ పెట్టడం చూశాను గానీ, గింజలక్కూడానా!" అంటూ క్లెమ్ పగలబడి నవ్వాడు.

"నవ్వు, నవ్వు. ముందా కొమ్మలందుకో," అంది దగ్గుతూనే.

కొన్ని వారాలకు గడ్డిపోచల్లాంటి మొలకలు లేచాయి. నల్లమచ్చ తెగులు సగం మొక్కలను తినేసింది. తెగులు సోకిన ఆకులను కత్తిరించి కాలుస్తూ, మిగిలినవాటిని ఆమె కాపాడుకుంది. మరుసటి వసంతంలో అవి పూశాయి. ఒకటి నిలువెత్తు పెరిగింది, ఒకటి నేలనంటుకునే ఉంది. మూడోది ముదురు ఊదా రంగులో, ఏ పోలికా లేకుండా నిలబడింది.

క్లెమ్ దాని ముందు కూర్చుని, ఒక పువ్వును వేలితో తిప్పి చూశాడు.

"ఇదెవరి పోలికే?"

"ఎవరిదీ కాదు."

మర్నాడు అతను చేని కంచె గుంజలు పీకి, దిబ్బ దున్నే నేలలోకి రాకుండా అవతలికి జరిపాడు. "పడమటి వాలొక్కటీ నాకొదులు," అని బేరమాడబోయాడు.

"అంగుళం కూడా వదలను."

అతను సణుగుతూనే తీగ బిగించాడు.

ఆ ఊదా పూల మొక్క పిల్లలు దానిలాగే పుడతాయో లేదో ఇంకా తేలలేదు. తేలడానికి ఏళ్లు పడుతుంది. వెర్నాకు డెబ్బై దగ్గరపడ్డాయి. ఆమె పిట్టలు వాలకుండా మొగ్గలకు వల కట్టి, దాని పుప్పొడి దానికే అద్దడానికి సన్నని కుంచె చేతపట్టుకుని మొక్క పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.